గాడిద ఎందుకు ఆగింది?

ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలకు సికింద్రాబాదులో ఒక భూస్థాపన. ప్రభువునందు నిద్రించినవాడు మాతోపాటు సెమినరీలో ఒకే గదిలో ఉండి చదువుకున్న దైవజనుడు. పెద్ద పేరున్నవాడు కాదు. పట్నంలో ఒకే పేటలో, ఒకే చిన్న సంఘాన్ని చివరిదాకా కాచినవాడు. సమాధి దగ్గర నాలుగు మాటలు మీరే చెప్పాలని వాళ్ల కుటుంబం ముందురోజు రాత్రే ఫోను చేసి అడిగింది.

జగ్గయ్యపేటకు మోటుమర్రి నుంచి పట్టాలైతే ఉన్నాయి గాని, వాటిమీద సిమెంటు వ్యాగన్లు తిరిగినంతగా మనుషులు తిరగరు. నందిగామకు ఆ పట్టాలూ లేవు. మన మెట్ట ప్రాంతం వాళ్లం పట్నం వెళ్లాలంటే జాతీయ రహదారి మీద బస్సెక్కాలి, లేదా మధిరకో బెజవాడకో పోయి రైలెక్కాలి. మేము రైలే నయమనుకున్నాం. తోడుగా మా సంఘ పెద్ద ఒకాయన వచ్చారు. రైల్వేలో సిగ్నల్ మెయింటైనరుగా పనిచేసి రిటైరైన మనిషి. దారి పొడవునా బండి బాగానే నడిచింది. ఇంకో అరగంటలో దిగుతామనగా పట్నం పొలిమేరలో, అటూ ఇటూ కంప చెట్లున్న చోట ఆగిపోయింది.

పది నిమిషాలు చూశాం. అరగంట చూశాం. ఎందుకు ఆగిందో చెప్పేవారు లేరు. ఎవరో దిగి వెళ్లి చూసివచ్చి, ‘సిగ్నల్ పడలేదంట’ అన్నారు. గంట దాటింది. పెట్టెలో పసిపిల్లలు ఏడుస్తున్నారు. మా గడియారంలో రెండున్నర అయింది. అప్పుడు నారింజ రంగు చొక్కా వేసుకున్న ఒక కుర్రవాడు భుజాన పనిముట్ల సంచితో పట్టాల వెంట ముందుకు నడిచిపోతున్నాడు. మేము తలుపు దగ్గర నిలబడి ఉన్నాం. ‘మా డబ్బుతో జీతాలు తింటూ ఒక దీపం వెలిగించడం చేతకాదా మీకు?’ అని అరిచాం. ఆ మాట అన్నది మేమే. పాస్టరుగారమని తెలిసిన నలుగురైదుగురు మా వెనకే ఉన్నారు. వాళ్లు కూడా అందుకున్నారు. ఆ కుర్రవాడు ఒక్కసారి తల తిప్పి చూసి, ఏమీ అనకుండా ఎండలో నడిచిపోయాడు.

మా సంఘ పెద్ద నెమ్మదిగా మా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టారు. ‘అయ్యగారూ, ఆ పిల్లవాడే కదా దాన్ని బాగుచెయ్యడానికి పోతున్నది’ అన్నారు. మేము తలెత్తలేకపోయాం.

ప్రియ పాఠకులారా! మాది ఒక్క రోజు ప్రయాణం. రోజూ ఇదే అనుభవించేవారి సంగతేమిటి? మన జగ్గయ్యపేట, నందిగామల నుంచి బతుకుతెరువు కోసం హైదరాబాదు వెళ్లిన కుటుంబాలు మన సంఘాలన్నింటిలో ఉన్నాయి. అక్కడ 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ రైళ్లు మొదలైనప్పుడు, తక్కువ ఖర్చుతో పనికి చేరుకోవచ్చని ఎందరో సంతోషించారు. కాని ఆ రైళ్లకు ప్రత్యేకమైన పట్టాలు దాదాపు లేవు. దూరప్రాంతపు ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సు బండ్లు నడిచే దారిలోనే అవీ నడవాలి. ఎక్కడో ఒక ఎక్స్‌ప్రెస్ ఆలస్యమైతే, ఒక సిగ్నల్ చెడితే, ఆ భారం వెనకున్న లోకల్ రైలు మీద పడుతుంది. 2017 నవంబరులో వచ్చిన మెట్రోకు తన దారి తనకు ఉంది. అయినా ఒకే వరుసలో పోయే బండ్లు గనుక ముందున్నది ఆగితే వెనకున్నవన్నీ ఆగవలసిందే.

ఆలస్యం అందరికీ ఒకేలా ఉండదు. నెలజీతగాడికి అది విసుగు. రోజుకూలికి అది సగం పూట జీతం. పరీక్షకు పోయే అమ్మాయికి అది ఏడాది. మా సంఘంలోని ఒక తల్లి తన కొడుకు గురించి చెప్పి కన్నీరు పెట్టుకుంది. పట్నంలో చిన్న ఉద్యోగం. ఆ వారంలో రైలు మూడోసారి ఆలస్యమైన రోజున, యజమాని అందరి ముందూ అతణ్ణి మందలించి సగం రోజు జీతం కోశాడు. ఆ రాత్రి ఇంటికి వచ్చి, అన్నం దగ్గర మారాం చేసిన నాలుగేళ్ల కూతురిని కొట్టాడు. ఆ పిల్ల రెండు రోజులు తండ్రి దగ్గరకు పోలేదట. ‘రైలు ఆగితే నా మనవరాలు దెబ్బలు తిన్నదయ్యా’ అన్నది ఆ తల్లి. ఆ మాట మాకు బాగా తగిలింది. ఎందుకంటే మేమూ ఆ తండ్రి చేసినదే చేశాం. కోపం ఒకరి మీద, దెబ్బ మరొకరి మీద.

ఆ సాయంత్రం రైలులో మా పెద్దాయన చెప్పిన సంగతులు మీకూ చెప్పాలి. మనలో చాలామంది సిగ్నల్ చెడిందంటే దీపం ఆరిపోయిందనుకుంటాం. అసలు సంగతి వేరు. పట్టాల గుండా చిన్నపాటి విద్యుత్తును పంపుతారు. ఆ విద్యుత్తు అవతలి కొసకు చేరితే ఆ దారి ఖాళీగా ఉన్నట్టు. బండి వస్తే దాని ఇనుప చక్రాలూ ఇరుసులూ విద్యుత్తును మధ్యలోనే మళ్లించేస్తాయి. అవతల ఉన్న రిలే అనే సాధనం పడిపోతుంది. సిగ్నల్ ఎర్రబడుతుంది. 1872లో విలియం రాబిన్సన్ అనే అమెరికా ఇంజనీరు ఈ పద్ధతికి పేటెంటు పొందాడు.

ఇందులో గొప్పతనం ఏమిటంటే, తీగ తెగినా, విద్యుత్తు పోయినా, వాన నీళ్లు నిలిచి విద్యుత్తు నేలపాలైనా, పట్టా విరిగి రెండైనా అప్పుడు కూడా విద్యుత్తు అవతలికి చేరదు. అంటే సిగ్నల్ ఎర్రగానే ఉంటుంది. దారి ఖాళీ అని రూఢిగా తెలిస్తేనే పచ్చ. ఏ మాత్రం సందేహమున్నా ఎరుపు. పాతకాలపు చెయ్యి సిగ్నల్ కూడా అంతే. తీగ లాగితేనే చెయ్యి దిగి బండికి దారి ఇచ్చేది. తీగ తెగితే బరువు దిమ్మె చేతిని తిరిగి అడ్డంగా నిలబెట్టేది. ‘అయ్యగారూ, మేము నేర్చుకున్న మొదటి పాఠం అదే. చెడిపోతే ఆపే వైపుకు చెడిపోవాలి గాని పంపే వైపుకు చెడిపోకూడదు’ అన్నారాయన.

ఆ మాట వినగానే మాకు బిలాము గాడిద జ్ఞాపకం వచ్చింది.

సంఖ్యాకాండము 22వ అధ్యాయం మీరు చదివే ఉంటారు. మోయాబు రాజైన బాలాకు పిలుపు మీద బిలాము గాడిదనెక్కి బయలుదేరాడు. దారిలో యెహోవా దూత కత్తి దూసి నిలిచాడు. గాడిద చూసింది, బిలాము చూడలేదు. మొదటిసారి అది పొలంలోకి తప్పుకుంది. బిలాము కొట్టాడు. రెండోసారి ద్రాక్షతోటల గోడల మధ్య అది గోడకు ఒరిగితే అతని కాలు నలిగింది. మళ్లీ కొట్టాడు. మూడోసారి కుడికి గాని ఎడమకు గాని తిరిగే చోటు లేక అది కూలబడింది. ఈసారి కర్రతో కొట్టాడు. చేతిలో కత్తి ఉంటే చంపేవాణ్ణన్నాడు. చివరికి దేవుడు గాడిద నోరు తెరిచాడు. ఆ తరువాత బిలాము కళ్లు తెరిచాడు. ఆ గాడిద తొలగిపోకపోతే నిన్ను చంపి దాన్ని బ్రతకనిచ్చేవాణ్ణని దూత చెప్పాడు.

బిలాము సామాన్యుడు కాదు. దర్శనాలు చూస్తాడని రాజులు కబురు పంపి పిలిపించుకునే మనిషి. చూడడమే వృత్తిగా గలవాడు చూడలేకపోయినదాన్ని మోతబరువు మోసే జంతువు చూసింది. రోజూ పనికి పోయే అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను మేము బిలాముతో పోల్చడం లేదు. అతడు పోయిన పని వేరు, మీరు పోయే పని వేరు. పోలిక ఒక్కటే. ఆగిన దాన్ని కొట్టే ముందు అది ఎందుకు ఆగిందని అతడు అడగలేదు. మేమూ అడగలేదు. ఆ రోజు ఆ పట్టా విరిగి ఉందో, తీగ తెగి ఉందో మాకు ఇప్పటికీ తెలియదు. ఏదో ఒక సందేహం మాత్రం ఆ సిగ్నల్‌కు కలిగింది. అది ఆగింది గనుక మేము ఉన్నాం.

ఆగవలసిన చోట ఆగకపోతే ఏమవుతుందో చరిత్ర రక్తంతో రాసింది. 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా పట్టణం నుంచి సండేస్కూలు పిల్లలు, పెద్దలు వందలాదిగా సముద్రతీరానికి విహారయాత్రకు బయలుదేరారు. ఎత్తు ఎక్కలేక రైలు నిలిచిపోయింది. పెట్టెలను రెండుగా విడదీసి ముందు భాగాన్ని తీసుకుపోదామనుకున్నారు. ఆనాటి బ్రేకుల పద్ధతి ప్రకారం ఇంజనుతో సంబంధం తెగితే పెట్టెల బ్రేకులు వదిలేసేవి. వెనక భాగం పల్లానికి జారి, వెనుక వస్తున్న మరో రైలును ఢీకొంది. సుమారు 80 మంది చనిపోయారు. వారిలో ఎందరో పిల్లలు.

అదే ఏడు బ్రిటిషు పార్లమెంటు చట్టం చేసింది. గొట్టం తెగితే బ్రేకు దానంతటదే పట్టుకోవాలి. ముందు బండి ఆ భాగం దాటిపోయిందని తెలిసేదాకా వెనక బండిని వదలకూడదు. ఈనాడు మనం ‘సిగ్నల్ ఇవ్వలేదు’ అని విసుక్కునే నియమం వెనుక, పాటలు పాడుకుంటూ బయలుదేరి ఇంటికి తిరిగిరాని సండేస్కూలు పిల్లలున్నారు. ప్రతి ఆదివారం పిల్లలకు పాఠం చెప్పే మనం ఈ సంగతి మరచిపోకూడదు.

మన దగ్గర చూడండి. 2019 నవంబరు 11న కాచిగూడ స్టేషన్లో ఎంఎంటీఎస్ రైలు, హంద్రీ ఎక్స్‌ప్రెస్ ఢీకొన్నాయి. క్యాబిన్‌లో గంటల తరబడి ఇరుక్కుపోయిన డ్రైవరు ఆస్పత్రిలో కొన్ని రోజులకు కన్నుమూశాడు. 2023 జూన్ 2న ఒడిశాలోని బాహానగా బజార్ దగ్గర సిగ్నల్ పచ్చగా ఉంది గాని దారి పక్క లైనుకు మళ్లి ఉంది. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఆగివున్న గూడ్సును ఢీకొని 290 మందికి పైగా మరణించారు. సిగ్నల్ వైరింగులో జరిగిన పొరపాట్లే కారణమని విచారణ తేల్చింది. అదే ఏడు అక్టోబరు 29న మన విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రెండు పాసింజరు రైళ్లు ఢీకొని 14 మంది చనిపోయారు. అక్కడ ఆటోమేటిక్ సిగ్నళ్లు చెడి ఉన్నాయి. అలాంటి చోట ఆగి, తరువాత అతి నెమ్మదిగా సాగాలన్న నియమం పాటించలేదని ప్రాథమిక విచారణలో తెలిపారు.

చనిపోయిన డ్రైవర్లను నిందించడానికి ఇది రాయడం లేదు. వాళ్ల ఇళ్లల్లోనూ భార్యాబిడ్డలు ఏడ్చారు. ఆటోమేటిక్ సిగ్నల్ ఎర్రగా ఉంటే పగలు ఒక నిమిషం, రాత్రి రెండు నిమిషాలు ఆగి, ఆ తరువాతే జాగ్రత్తగా కదలాలని రైల్వే నియమం. రెండు నిమిషాలు! మన ఆరాధనలో ఒక చిన్న ప్రార్థనకు పట్టేంత సమయం. ఆ రెండు నిమిషాలు ఎంత విలువైనవో ఆ 14 కుటుంబాలకు తెలుసు.

ఇదంతా పట్నం సంగతి అనుకోకండి. 2023 జూలైలోనూ, 2024 సెప్టెంబరు ఆరంభంలోనూ మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద జాతీయ రహదారి మునిగింది. హైదరాబాదు, విజయవాడల మధ్య రాకపోకలు నిలిచిపోయాయి. 2024లో కేసముద్రం దగ్గర పట్టాల కింది కంకర కొట్టుకుపోయి రైళ్లూ నిలిచాయి. పైకి మోకాలు లోతులా కనిపించే ఆ ఎర్రనీళ్ల కింద ఎంత వడి ఉందో చూసేవారికి తెలియదు. దారిని ఆపడం కఠినంగా తోస్తుంది. కాని అక్కడ ఆగడమే బ్రతుకు.

అయితే మేము ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ‘ఓర్చుకోండి, అంతా దేవుని చిత్తం’ అని చెప్పి చేతులు దులుపుకోవడం క్రైస్తవ బోధ కాదు. సిగ్నల్ ఎర్రబడడం ప్రాణరక్షణే. కాని అదే సిగ్నల్ మాటిమాటికీ చెడితే అది నిర్లక్ష్యం. తీగలు మార్చడానికి డబ్బివ్వకపోవడం, చేసే మనుషులను నియమించకపోవడం, చాలని పట్టాల మీద బండ్లను పెంచుకుంటూ పోవడం మనుషుల నిర్ణయాలే గాని దేవుని చిత్తం కాదు. లూకా 18వ అధ్యాయంలో విధవరాలు అన్యాయస్థుడైన న్యాయాధిపతి దగ్గరకు మాటిమాటికీ వెళ్లింది. ప్రభువు ఆమెను తప్పుపట్టలేదు. విసుగక ప్రార్థించడానికి ఆమెనే మాదిరిగా చూపించాడు. ఆమె న్యాయాధిపతి దగ్గరకు పోయింది గాని వాకిట్లో నిలబడ్డ బంట్రోతును తిట్టలేదు. అడగవలసినవారిని అడగాలి, మళ్లీ మళ్లీ అడగాలి.

మన అడగడం వృథా కాదు. ఎర్ర సిగ్నల్‌ను డ్రైవరు దాటబోతే బండిని తానే ఆపే ‘కవచ్’ అనే ఏర్పాటు మన దేశంలోనే తయారైంది. మన దక్షిణ మధ్య రైల్వేలోనే దాన్ని మొదట పరీక్షించారు. 2022 మార్చి 4న రైల్వే మంత్రి స్వయంగా ఇంజనులో కూర్చుని దాని పనితనం చూశారు. అది అన్ని దారులకూ త్వరగా చేరాలని అడగడం మన హక్కు, మన బాధ్యత.

ఇంకొక సంగతి. దేవుడు గాడిద నోరు తెరిచాకనే బిలాము చెయ్యి ఆగింది. తనను మూడుసార్లు ఎందుకు కొట్టావని అది అడిగింది. ఆగిన రైలు కూడా నోరు తెరవాలి. ‘ఫలానా చోట సిగ్నల్ చెడింది, మనుషులు వెళ్లారు, ఇంత సేపు పట్టవచ్చు’ అని ఒక్క మాట చెబితే సగం కోపం చల్లారుతుంది. ఆ గంటలో మమ్మల్ని ఎక్కువగా బాధించినది ఆలస్యం కాదు, మౌనం. సంఘ కాపరులకు, తల్లిదండ్రులకు, యజమానులకు కూడా ఇందులో పాఠముంది. ఆపవలసివచ్చినప్పుడు ఆపండి. ఎందుకు ఆపారో చెప్పండి.

మరి ఆలస్యం వల్ల నిజంగా పోగొట్టుకున్నవారి సంగతి? మార్కు 5వ అధ్యాయంలో యాయీరు కూతురు చావుబ్రతుకుల్లో ఉంది. యేసును వెంటబెట్టుకుని పరుగుమీద పోతున్నాడు. మధ్యలో ప్రభువు ఆగాడు. పన్నెండేళ్ల రక్తస్రావం గల స్త్రీ ఆయన వస్త్రాన్ని ముట్టింది. ఆమె తన సంగతంతా చెప్పేదాకా ఆయన కదలలేదు. ఈలోగా పిల్ల చనిపోయిందని కబురు వచ్చింది. ఆ తండ్రి గుండె ఎలా ఉండి ఉంటుంది! అయినా ఆ స్త్రీ మీద అతడు ఒక్క మాట అన్నట్టు సువార్తలో లేదు. నాకు అడ్డమైన ఆ ఆగడం మరొకరికి బ్రతుకైందని అతడు కళ్లారా చూశాడు. ప్రభువు అతనికి చెప్పింది భయపడవద్దని, నమ్మిక మాత్రం ఉంచమని.

యాయీరు కూతురు లేచింది. మా స్నేహితుని సమాధి మాత్రం మా కోసం ఆగలేదు. మేము చేరేసరికి మట్టి వేసేశారు, పూలు కూడా సర్దేశారు. జనం వెళ్లిపోయారు. అతని భార్య, ఒక కూతురు అక్కడే ఒక బల్ల మీద కూర్చుని ఉన్నారు. మేము సిద్ధం చేసుకుపోయిన మాటలు మా జేబులోనే ఉండిపోయాయి. చీకటి పడేదాకా ఆ తల్లీకూతుళ్ల దగ్గర ఊరికే కూర్చున్నాం. వేళకు చేరి ఉంటే మైకు ముందు మాట్లాడి, సాయంత్రం బండికి తిరిగి వచ్చేవాళ్లం. దాని కోసమే దేవుడు రైలును ఆపాడని మేము అనం. ఆ పెట్టెలో ఇంకెందరికి ఏమేమి నష్టమైందో మాకు తెలియదు. ఆగిపోయిన దారిలో కూడా ప్రభువు తన పని మానలేదని మాత్రం సాక్ష్యం చెప్పగలం.

ఈ వారం మీ బండి ఆగితే మొదట ఆగినందుకు ఒక స్తుతి చెల్లించండి. పక్కనున్న తల్లి చేతిలోని బిడ్డకు మీ మంచినీళ్ల సీసా ఇవ్వండి. తరువాత తేదీ, వేళ, బండి నంబరు రాసి పై అధికారులకు ఫిర్యాదు పంపండి. ఇంటి గుమ్మం ముందు రెండు నిమిషాలు ఆగి, అప్పుడు లోపలికి వెళ్లండి. లోపల నాలుగేళ్ల పిల్ల మీకోసం చూస్తూ ఉంటుంది. మా సంఘంలోని ఆ తల్లి కొడుకు ఇప్పుడు అలాగే చేస్తున్నాడని, కూతురు మళ్లీ ఎదురొస్తున్నదని ఆమె చెప్పినప్పుడు మేమిద్దరం కలిసి ప్రభువును స్తుతించాం.

నారింజ చొక్కా కుర్రవాడు మాకు మళ్లీ కనిపించలేదు. అతని పేరూ తెలియదు. ఎక్కడో ఏదో ఎండలో పట్టాల వెంట నడుస్తూ ఉంటాడు. ఈ కాగితం అతని చేతికి చేరితే చదువుకోవాలి. తమ్ముడూ, ఆ రోజు తలుపు దగ్గర నిలబడి అరిచినది మేమే. మమ్మల్ని క్షమించు. నువ్వు బాగుచేసిన దారి మీదనే మేము ఇల్లు చేరాం.